పాత లివర్ రైఫిల్‌కు వయసు కట్టడం, ధర కట్టడం

హైదరాబాద్‌లో పాత లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి లివర్‌ను కిందికి లాగి మూస్తే తూటా ఎక్కే రకం) అమ్మకానికి వచ్చిందంటే ముందు వినిపించే మాట "నిజాం కాలం నాటిది సాబ్". రెండో మాట "అమెరికాలో దీనికి లక్షలు". మొదటిది చాలాసార్లు గాలి మాట. రెండోది నిజమే కావచ్చు గానీ మనకు అక్కరకు రాదు. అక్కడ ధర పలికేది తుపాకీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి. ఇక్కడ కాగితం సరిగ్గా ఉందా, తూటా దొరుకుతుందా అన్న రెండు ప్రశ్నలు దాటాకే మిగతా లెక్క మొదలవుతుంది. అందుకే నేను చెప్పే వరస కొంచెం తలకిందులుగా ఉంటుంది.

తుపాకీ చేతిలోకి తీసుకునే ముందు లైసెన్సు పుస్తకం అడగండి. అందులో యూఐఎన్ నంబరు (లైసెన్సుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉందా, గడువు ఉందా, తుపాకీ వివరాల దగ్గర రాసిన నంబరూ ఉక్కు మీద కొట్టిన నంబరూ అంకె అంకె కలుస్తున్నాయా చూడండి. పాత పుస్తకాల్లో పొరపాటు జరిగే చోటు ఇదే. అమెరికా కంపెనీ విన్‌చెస్టర్ రైఫిల్ మీద నాలుగైదు రకాల అంకెలుంటాయి: మోడల్ 1894, పేటెంట్ తేదీ ఆగస్టు 21, 1894, క్యాలిబర్ (బ్యారెల్‌కు పట్టే తూటా కొలత), అసలు సీరియల్ నంబరు. రాసేవాడికి తుపాకుల సంగతి తెలియకపోతే వీటిలో ఏది కంటబడితే అది నంబరు గడిలో పడుతుంది. అలాంటిది కనబడితే అమ్మేవాడే ముందు దాన్ని సరిచేయించుకోవాలి. ఆ తిరుగుడు మీ నెత్తిన వేసుకోకండి. నంబరు అరగదీసినట్టో, మళ్ళీ కొట్టినట్టో అనిపిస్తే మాత్రం బేరమే వద్దు. గుర్తింపు ముద్రలు చెరిపిన తుపాకీ దగ్గర ఉండటమే 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

నేరుగా మనిషికీ మనిషికీ మధ్య అమ్మకం జరగాలంటే, అమ్మేవాడు కొనేవాడి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే అప్పగించాలి. హైదరాబాద్‌లో లైసెన్సులు చూసేది పోలీసు కమిషనర్ ఆఫీసు. లైసెన్సున్న డీలరు ద్వారా నడిపిస్తే కాగితాల పని తేలిక. ఆయన కమీషన్ తీసుకుంటాడు, అది ధరలో ముందే కలుపుకోండి.

ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ధరల మీద చూపిన ప్రభావం చిన్నది కాదు. ఒక్కో లైసెన్సుదారు దగ్గర ఉండగలిగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. మామూలుగా ఒక గడి రివాల్వరుకో పిస్టలుకో పోతుంది, రెండోది తాతల నాటి 12 బోరుకు. ఇక లివర్ రైఫిల్ కొనాలంటే ఆ రెండింటిలో ఒకటి వదులుకోవాలి. అంటే కొనగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత. మరోవైపు 1980ల మధ్య నుంచి బయటి దేశపు తుపాకుల దిగుమతి, పేరున్న షూటర్లకు తప్ప, దాదాపు మూతపడింది. ఉన్నవే చేతులు మారాలి. సరుకు తక్కువ, కొనేవాళ్ళూ తక్కువ. అందుకే ఒకే రకం రైఫిల్‌కు ఇద్దరు చెప్పే ధరలకు పొంతన ఉండదు.

ఇక క్యాలిబర్. బ్యారెల్ మీద .303 అని కనబడితే ఆగండి. విన్‌చెస్టర్ 1895 మోడల్‌ను .303 బ్రిటిష్ తూటాకు కూడా తయారుచేశారు. సైన్యం వాడిన .303 తూటా పట్టే రైఫిళ్ళ మీద నిషేధిత బోరు (మామూలు పౌరులకు సాధారణంగా లైసెన్సు దొరకని తరగతి) నిబంధన నీడ ఉంటుంది కాబట్టి, ఫలానా తుపాకీ లైసెన్సు ఏ తరగతి కింద ఉందో కమిషనర్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వొద్దు. మరో అమెరికా కంపెనీ రైఫిల్ సావేజ్ 99 మీద ఉండే .303 సావేజ్ పూర్తిగా వేరే తూటా, శక్తిలో .30-30కి దగ్గరి చుట్టం. పేరు ఒకటే కావడంతో రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళున్నారు, అమ్మేవాళ్ళలోనూ.

కాగితాలు కుదిరాయి అనుకుందాం. ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. లివర్ కిందికి పూర్తిగా లాగి, గదిలో (బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే చోటు) తూటా లేదని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, తర్వాత మాగజైన్ గొట్టం (బ్యారెల్ కింద తూటాలు నిలవ ఉండేది) వైపు చూడండి. అక్కడ స్ప్రింగు ముందుండే ఫాలోవర్ కనబడాలి. అది కనబడలేదంటే లోపల తూటా ఇరుక్కుని ఉందేమో అనుకోవాలి. ఏళ్ళ తరబడి అలమరాలో ఉన్న లివర్ రైఫిల్ గొట్టంలో ఒక తూటా మిగిలిపోవడం వింతేమీ కాదు.

వయసు సంగతి. ఇక్కడ ఎక్కువగా తగిలేది విన్‌చెస్టర్ 1894, అదే తర్వాత మోడల్ 94 అయింది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. మొదట .32-40, .38-55 అనే నల్లమందు తూటాలతో వచ్చింది. .30-30, .25-35 అనే పొగలేని మందు తూటాలు 1895లో చేరాయి. బ్యారెల్ మీద 1894 అని చూసి 1894లో చేసిందని నమ్మేవాళ్ళు చాలామంది. అది మోడల్ పేరు, పేటెంట్ ఏడు. తయారీ ఏడాది అందులో లేదు.

సీరియల్ నంబరు రిసీవర్ (బ్యారెల్‌కూ వెనక చెక్కకూ మధ్య, యంత్రమంతా ఉండే ఉక్కు పెట్టె) అడుగున, ముందు వైపు ఉంటుంది. తల్లకిందులుగా పట్టుకుని లివర్‌కు ముందు చూడండి. 1873, 1886 మోడళ్ళలో అయితే వెనక చెక్కలోకి దూరే కింది తోక మీద. 1894 మోడల్‌కు నాలుగు మైలురాళ్ళు గుర్తుంటే చాలు: పది లక్షవ నంబరు 1927లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు బహుమతిగా వెళ్ళింది, పదిహేను లక్షవది 1948లో ట్రూమన్‌కు, ఇరవై లక్షవది 1953లో ఐసెన్‌హోవర్‌కు. 1964లో నంబర్లు 27 లక్షల దగ్గర కొత్తగా మొదలయ్యాయి. చేతిలో ఉన్నది 12 లక్షల చిల్లరైతే రెండు యుద్ధాల మధ్యదో, రెండో యుద్ధం అంచుదో అని అక్కడికక్కడే చెప్పొచ్చు. అమెరికాలోని కోడీ పట్టణంలో ఉన్న తుపాకుల మ్యూజియం దగ్గర పాత ఫ్యాక్టరీ రిజిస్టర్లున్నాయి. 1894 మోడల్‌కు 353999 నంబరు దాకా, 1892కు 379999 దాకా, 1895కు 59999 దాకా వాళ్ళు రుసుము తీసుకుని ఉత్తరం రాసిస్తారు. అందులో ఏ క్యాలిబర్, ఏ బ్యారెల్, ఏ రోజు గిడ్డంగి దాటింది అన్నీ ఉంటాయి. ఆ హద్దులోపు నంబరైతే ఆ ఉత్తరం ఖర్చుకు వెనకాడొద్దు. ఎందుకంటే అది ఒక్కటే ఎవరి నోటిమాట మీదా ఆధారపడని సాక్ష్యం.

నంబరు ఒక్కటీ చూసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. రిసీవర్ ఒక ఏడాదిది, బ్యారెల్ ఇంకో ఏడాదిది అయి ఉండొచ్చు. ఇందుకు మూడు చోట్ల చూడాలి. మొదటిది, గుండ్రటి గీతలో డబ్ల్యూ, పి అక్షరాలు కలిపి కొట్టిన విన్‌చెస్టర్ ప్రూఫ్ ముద్ర (పేల్చి పరీక్షించాక కొట్టే గుర్తు). ఇది 1905 నుంచి వచ్చింది. బ్యారెల్ మొదట్లో, పక్కనే రిసీవర్ మీద రెండు చోట్లా ఉండాలి. బ్యారెల్ మీద ఉండి రిసీవర్ మీద లేదంటే 1905కు ముందటి రిసీవర్‌కు తర్వాతి బ్యారెల్ తగిలించారన్నమాట. రెండోది, ముందు చెక్క విప్పితే బ్యారెల్ అడుగున కనిపించే రెండంకెల ఏడాది. యుద్ధానంతరపు తుపాకుల్లో ఇది బాగా ఉపయోగపడుతుంది. బ్యారెల్ కింద 51 అని ఉండి, నంబరు 1953 నాటిదైతే కంగారుపడక్కర్లేదు, ఫ్యాక్టరీలో బ్యారెళ్ళు ముందే చేసి అరలో పెట్టేవాళ్ళు. పదేళ్ళు తేడా ఉంటే అది మార్చిన బ్యారెల్. మూడోది, పై తోక మీది రాత, గురి చూసే సైట్లు, వెనక చెక్కకు తగిలించిన పట్టీ. అర్ధచంద్రంలా లోపలికి వంగిన ఉక్కు పట్టీ పాత రైఫిళ్ళది. చదునుగా, గళ్ళు కొట్టిన ఉక్కు పట్టీ 1930ల చివరి నుంచి. రిసీవర్ ఎడమ పక్కన గుర్రపు జీనుకు తగిలించే ఉంగరం ఉంటే, అది తర్వాత బిగించింది కాకపోతే, 1920ల మధ్యకు ముందటి కార్బైన్ (పొట్టి రైఫిల్). ముందు సైటు ఎత్తైన ర్యాంప్ మీద నిలబడి ఉంటే 1930ల తర్వాతి బ్యారెల్.

1964 గీత గురించి ఒక పేరా వేరుగా రాయాలి. ఆ ఏడాది ఖర్చు తగ్గించుకోవడానికి విన్‌చెస్టర్ లోపలి భాగాలు మార్చింది. తూటాను పైకెత్తే క్యారియర్ రేకు ముక్కతో చేసిందయింది, గట్టి పిన్నుల బదులు చుట్టిన డొల్ల పిన్నులొచ్చాయి, రిసీవర్ లోహం మామూలు బ్లూయింగ్ (తుప్పు ఆపడానికి ఉక్కుకు పట్టించే నీలం రంగు) పట్టని రకం కావడంతో దాని మీద పూత వేసి నీలం తెప్పించారు. అందుకే 1960ల, 70ల రిసీవర్ మీద బ్లూయింగ్ పొలుసులు రాలినట్టో, ఊదారంగుకు తిరిగినట్టో కనిపిస్తుంది. పక్కనున్న బ్యారెల్ మాత్రం చక్కగా ఉంటుంది. దాన్ని మళ్ళీ బ్లూ చేయిద్దామని మన మిస్త్రీలకు ఇస్తే నల్లమచ్చలతో తిరిగొస్తుంది. తుపాకీగా అది పేలడంలో లోపమేమీ లేదు. కానీ 64కు ముందువి అన్న మాటకు మార్కెట్లో విలువుంది, అమ్మేవాడికీ అది తెలుసు. రిసీవర్ పక్కన పిన్నుల చివరలు చూడండి: గట్టిగా మూసినట్టుంటే పాతది, మధ్యలో చిన్న చుట్ట రంధ్రం కనిపిస్తే కొత్తది. 1980ల మొదట్లో ఖాళీ తూటా పైకి కాకుండా పక్కకు ఎగిరేలా మార్చారు, 1992లో అడ్డంగా నొక్కే సేఫ్టీ బొత్తాం పెట్టారు. న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడింది.

ఇంకో అమెరికా కంపెనీ మార్లిన్ అయితే నంబరే ఏడాది చెబుతుంది. 336 మోడల్ 1948లో వచ్చింది. 1973 నుంచి నంబరులో మొదటి రెండంకెలను 100లోంచి తీసేస్తే తయారీ ఏడాది: 27తో మొదలైతే 73, అంటే 1973, 15తో మొదలైతే 1985. 2000 దాటాక లెక్క వెనక్కి నడుస్తుంది: 00 అంటే 2000, 99 అంటే 2001, 98 అంటే 2002. బ్యారెల్ ఎడమ పక్క రిసీవర్ దగ్గర జేఎం అన్న చిన్న ముద్ర ఉంటే పాత మార్లిన్ ఫ్యాక్టరీ బ్యారెల్. 2007లో రెమింగ్టన్ కొన్నాక, కొత్త చోట మొదట్లో చేసిన వాటిలో చెక్క, లోహం సరిగ్గా కలవని నాసిరకం పనితనం ఉందని అమెరికాలో పేరు పడింది. అంత కొత్త మార్లిన్ మన దేశంలో లైసెన్సు మీద కనబడితే ఎలా వచ్చిందన్న ప్రశ్న ముందు వేసుకోండి.

సావేజ్ 99కు తూటాను పేల్చే హ్యామర్ బయటికి కనబడదు. పాత వాటిలో లోపల తిరిగే చక్రం లాంటి మాగజైన్, పక్కన చిన్న కిటికీలో ఎన్ని తూటాలున్నాయో చూపే ఇత్తడి అంకెల చక్రం ఉంటాయి. 1949 నుంచి రెండు దశాబ్దాల పైన లివర్ మొదట్లో ఒక చిన్న గుండ్రటి గుర్తులో ఏడాది అక్షరం కొట్టేవాళ్ళు, ఏ అంటే 1949. ఈ తుపాకీలో రిసీవర్ తోక చెక్కలోకి దూరే చోటే చీలిక వస్తుంది. ఎండాకాలం, వానాకాలం మధ్య చెక్క బిగుసుకోవడం, వదులవడం వల్ల మొదట వెంట్రుకంత గీతగా మొదలై పేలిన ప్రతిసారీ పెరుగుతుంది. గోరుతో రాసి చూడండి, వార్నిష్ కింద దాక్కున్నా గోరుకు తగులుతుంది.

మన దగ్గర తప్పకుండా వెతకాల్సినవి ఇంగ్లండు ముద్రలు. ఈ దేశానికి వచ్చిన విన్‌చెస్టర్లలో చాలా వాటి దారి లండన్ మీదుగానే. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లు కిరీటం కింద అక్షరాలు కొట్టేవి. ఎన్‌పీ అంటే పొగలేని మందుకు పరీక్షించింది. "నాట్ ఇంగ్లిష్ మేక్" అన్న మాట 1925 నుంచి 1950ల మధ్య దాకా కొట్టారు. కాబట్టి తయారీ 1910 అని నంబరు చెబుతూ, బ్యారెల్ మీద ఈ మాట ఉంటే అది 1925 తర్వాత ఇంగ్లండులో మళ్ళీ పరీక్షకు వెళ్ళొచ్చిందన్నమాట. పరీక్ష ముద్ర ఉండటం మంచిదే, లేకపోవడం లోపం కాదు. కలకత్తా రోడ్డా, మాంటన్ లాంటి దుకాణాల పేరు చెక్కి ఉంటే వదిలేయకండి, ఫొటో తీసుకోండి. తుపాకీ ఎటు నుంచి వచ్చిందో చెప్పే ఆనవాలది.

కథలకు మాత్రం ధర కట్టొద్దు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వేటంటే పడిచచ్చేవాడన్నది నిజం. లాలా దీన్‌దయాళ్ తీసిన షికారు ఫొటోలూ ఉన్నాయి. అంతమాత్రాన దేవిడీలో దొరికిన ప్రతి రైఫిలూ ఆయన భుజం మీద వేలాడింది కాదు. మీద నిజాంల చిహ్నమైన కుల్చా (గుండ్రటి రొట్టె) గుర్తు చెక్కి ఉన్నా సరే, ఆ చెక్కడం ఎప్పటిదో తేలదు. పాత లైసెన్సు, కొన్న రసీదు, నంబరుతో సహా రాసిన జాబితా, ఈ మూడింటిలో ఒకటి చేతికిస్తే కథకు డబ్బు కలపొచ్చు. లేకపోతే సున్నా. సంస్థానాల వాళ్ళు నికెల్ పూత వేయించడం, టేకుతోనో శీషంతోనో వెనక చెక్క మార్పించడం ఉండేది. చూడ్డానికి ముచ్చటగా ఉన్నా సేకర్తల లెక్కలో ఇవి తగ్గింపులే. అసలు చెక్క అమెరికన్ వాల్‌నట్. దాని నార సన్నగా, రంగు కాఫీ గింజలా ఉంటుంది. టేకు ఎక్కువ బరువుగా, జిడ్డుగా తగులుతుంది. 1892 మోడల్‌ను పోలిన స్పెయిన్ నకలు ఎల్ టీగ్రే కూడా ఉంది, .44-40లో. నాణ్యమైనదే, కానీ విన్‌చెస్టర్ ధర ఇవ్వకూడదు. బ్యారెల్ మీది రాత పూర్తిగా చదివితే మోసపోరు.

మళ్ళీ బ్లూయింగ్ చేసిందా లేదా అన్నది పట్టుకోవడం ఒక విద్య. కిటికీ దగ్గర పగటి వెలుతురులో రిసీవర్ పక్క ముఖాన్ని కంటికి సమానంగా పట్టుకుని చూడండి. ఫ్యాక్టరీ ముఖం గాజులా చదునుగా ఉండి, కిటికీ ఊచ గీత దాని మీద నిటారుగా పడుతుంది. గుడ్డ చక్రం మీద పాలిష్ పట్టిన ముఖం మీద ఆ గీత నీళ్ళలో కదిలినట్టు వంకర్లు పోతుంది. తర్వాత స్క్రూల రంధ్రాలు. అసలు రంధ్రం అంచు పదునుగా ఉండాలి. చుట్టూ సాసరులా గుంట పడితే ఎవరో పాలిష్ చేశారు. అక్షరాలు చూడండి, ముద్ర కొట్టినప్పుడు అంచుల దగ్గర లోహం వెంట్రుకంత పైకి లేస్తుంది. వేలితో తడిమితే తెలిసే ఆ గరుకు పాలిష్‌తో పోతుంది. పేటెంట్ రాతలోని చిన్న అక్షరాల నడుం భాగం మాయమై, లోతైన చివరలు మాత్రం మిగులుతాయి. చెక్క, లోహం కలిసే అంచు దగ్గర చెక్క కంటే లోహం కిందికి దిగి ఉంటే లోహాన్ని అరగదీశారు. లోహం కంటే చెక్క కిందికుంటే చెక్కను గీకారు. ఇంకో మాట: లివర్, రిసీవర్ అడుగు, అంటే చేతిలో పట్టుకుని నడిచే చోట, పాత తుపాకీలో నీలం పోయి బూడిదరంగు ఉక్కు కనిపించాలి. అన్నిచోట్లా సమానంగా నల్లగా మెరిసిపోతూ, 80 ఏళ్ళ తుపాకీ అంటే నమ్మకండి. స్క్రూ తల గాళ్ళు నలిగి ఉంటే విప్పింది చేయి తిరిగిన మిస్త్రీ కాదు.

బ్యారెల్ పొడవు కొలవండి. లివర్ మూసి, ఖాళీ గదని మళ్ళీ చూసుకుని, సన్నటి చెక్క కడ్డీ బ్యారెల్ మూతి నుంచి బోల్టు (గదిని వెనక నుంచి మూసే ఉక్కు ముక్క) ముఖం తగిలేదాకా దూర్చి, మూతి దగ్గర గుర్తు పెట్టి కొలిస్తే సరి. 1894 కార్బైన్ 20 అంగుళాలు, రైఫిల్ 26 అంగుళాలు. 23 అని వస్తే ప్రత్యేక ఆర్డరో, కోసిందో తేలాలి. కోసిన మూతి దగ్గర ముందు సైటు టంకం వేసినట్టు, చుట్టూ రంగు మారినట్టు కనిపిస్తుంది.

బ్యారెల్ లోపల చూడటం లివర్ రైఫిల్‌లో కష్టం, వెనక నుంచి కన్ను పెట్టే దారి లేదు. బోల్టు తెరిచి అక్కడ తెల్లకాగితం పెట్టి, దాని మీద మొబైల్ టార్చి కొట్టి మూతి నుంచి చూడండి. అంతకు ముందు ఆరిన గుడ్డ ఒకసారి పోనివ్వాలి. లోపల నూనె నిండుగా పూసి చూపిస్తే గుంతలు దాచేస్తుంది. పాతకాలపు తూటాల ప్రైమరులో (అడుగున ఉండి మందును అంటించే చిన్న గిన్నె) ఉన్న రసాయనం పేలాక ఉప్పు మిగిల్చేది. ఆ ఉప్పు వానాకాలం తేమ పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. నీళ్ళతో కడగకుండా నూనె మాత్రం రాసిపెట్టిన బ్యారెళ్ళ లోపల ఉమ్మెత్త కాయలా ఉంటుంది. ముదురు రంగున్నా బ్యారెల్ లోపలి మెలిక గాళ్ళ అంచులు పదునుగా ఉంటే బాధ లేదు. గదికి ముందు అంగుళం, మూతి దగ్గర అంగుళం, ఈ రెండు చోట్లా గుంతలుంటేనే ధర విరిచేయాలి. మూతి నుంచి కడ్డీ దూర్చి శుభ్రం చేయడం లివర్ రైఫిల్‌కు తప్పదు. ఆ కడ్డీ రాపిడికి మూతి అంచు ఒక పక్క అరిగి కోడిగుడ్డు ఆకారం అవుతుంది. దాన్ని పట్టుకోవడానికి .308 అంగుళాల గుండున్న డమ్మీ తూటా ఒకటి .30-30 మూతిలో ముందు వైపు నుంచి పెట్టి చూడండి. కొంచెం దూరి ఆగాలి. తూటా మెడ దాకా మింగేస్తే మూతి అయిపోయినట్టే.

తూటా గది మీద అనుమానం ఉంటే, అంటే ఎవరో బోరు మార్చారనిపిస్తే, మిస్త్రీతో గది అచ్చు తీయించండి. సెరోసేఫ్ అనే తక్కువ వేడికి కరిగే లోహం పోసి తీస్తారు. పోసి గడ్డకట్టాక మొదట కుంచించుకుని, తర్వాత మెల్లగా ఉబ్బుతుంది, సుమారు గంటకు గది అసలు కొలతకు వస్తుంది. అప్పుడే కొలవాలి. మర్నాడు కొలిస్తే తప్పు వస్తుంది.

పనితీరులో నాలుగే చూస్తాను. ఒకటి, హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో వెనక నుంచి గట్టిగా ముందుకు నెట్టండి. జారిపోతే గాడి అరిగింది, అలాంటి తుపాకీ ప్రమాదం. సగం లాగిన గాడి దగ్గరా ఇదే పరీక్ష. రెండు, విన్‌చెస్టర్ 94లో లివర్ మూస్తే బోల్టు వెనక నిలువు దిమ్మ పైకి లేచి తాళం వేస్తుంది. పూర్తిగా మూశాక ఆ దిమ్మ పైభాగం పైదాకా రావాలి. కిందికి దిగి, బోల్టుకూ దానికీ మధ్య వెలుగు కనిపిస్తే తాళం వదులు. ఆ వదులు ఎంతో హెడ్‌స్పేస్ గేజితో (బోల్టుకూ తూటా అడుగుకూ మధ్య సందు కొలిచే పరికరం) మిస్త్రీ చెప్పాలి. పేలిన ఖాళీ తూటాలు అమ్మేవాడి దగ్గర ఉంటే అడిగి చూడండి: ప్రైమరు బయటికి పొడుచుకుని ఉన్నా, అడుగు నుంచి కొంచెం పైన మెరిసే గీత చుట్టూరా ఉన్నా మంచి సూచన కాదు. మూడు, డమ్మీ తూటాలు ఆరు పెట్టి మెల్లగా ఒకసారి, వేగంగా ఒకసారి లివర్ ఆడించండి. మార్లిన్‌లో రెండో తూటా క్యారియర్ కిందికి జారి అంతా బిగుసుకుపోయే జబ్బు ఉంది. లివర్ కొస క్యారియర్‌ను గీసి గాడి చేయడం వల్ల వస్తుంది. క్యారియర్ మార్పుతో పోతుంది, కానీ మన దగ్గర ఆ ముక్క దొరకాలిగా. నాలుగు, మాగజైన్ గొట్టం మీద సొట్టలు. ఒక్క సొట్ట చాలు, స్ప్రింగు అక్కడే ఆగిపోతుంది.

పనిలో పని, గొట్టం మాగజైన్ ఉన్న లివర్ రైఫిల్‌లో మొన తేలిన గుండు వాడకూడదు. ఒకదాని మొన ముందున్నదాని ప్రైమరుకు ఆని ఉంటుంది, తుపాకీ తన్నుడుకు అది పేలొచ్చు. చదును మొన ఉన్నవే. పెట్టెతో పాటు పాత తూటాలు ఇస్తానంటే, పచ్చగా చిలుము పట్టినవాటిని ధరలో లెక్కపెట్టకండి, పేల్చాలని చూడకండి. డీలరుకు అప్పగించి లైసెన్సు మీద లెక్క రాయించండి.

ఇప్పుడు ధర. రూపాయల్లో పట్టిక ఇవ్వడం అర్థం లేని పని, వచ్చే నెలకే తప్పవుతుంది. అందుకే నిష్పత్తి చెబుతాను, ఇది నా లెక్క. డీలరు దగ్గర అదే క్యాలిబర్‌లో, కాగితాలు బాగున్న, లోపల శుభ్రమైన 64కు ముందు .30-30 కార్బైన్‌కు పలికే ధర వంద అనుకోండి. పూర్తిగా మళ్ళీ బ్లూయింగ్ చేసిందైతే 65. రిసీవర్ మీద స్కోపు కోసం తొలిచిన రంధ్రాలుంటే మరో 10 తగ్గించండి. వెనక చెక్క టేకుదైతే 15. తోక దగ్గర చీలికకు 10, అది లోతుగా పోతే 20. మూతి అరిగితే 25, అది బాగుచేయించొచ్చు గానీ ఇక్కడ చేసే చేతులు కొద్ది. 1964 తర్వాతిదైతే మొదటే 70తో మొదలుపెట్టండి. బోల్టు తాళం వదులైతే లెక్కలు ఆపి లేచి రండి.

ఇక్కడే అమెరికా లెక్కతో మన లెక్క విడిపోయేది. అమెరికాలో 1898 దాకా చేసినది చట్టం దృష్టిలో పురాతన వస్తువు, లైసెన్సు బెడద తక్కువ, అందుకే దానికి అదనపు ధర. మన దగ్గర ఆ సౌకర్యం లేదు. పేలే స్థితిలో ఉన్న 1896 నాటి తుపాకీకీ, 1956 నాటి తుపాకీకీ లైసెన్సు ఒకటే. పైగా వందేళ్ళు దాటితే 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది, దేశం దాటించలేరు. అంటే అమెరికా ధర మీకు ఎప్పటికీ చేతికి రాని ధర. .32-40, .38-55, .25-35 లాంటివి ఎంత అందంగా ఉన్నా తూటా దొరక్క గోడకే పరిమితం, వంద మీద 40 దాటి ఇవ్వను. .405 విన్‌చెస్టర్ పేరు గొప్పది, పెద్ద జంతువుల వేటగాళ్ళ తుపాకీ. కానీ 1972 వన్యప్రాణి చట్టం తర్వాత దానికి పనేముంది? తూటాలు ఎక్కడినుంచి తెస్తారు? సేకర్త కొంటే కొంటాడు, వాడుకునేవాడు కొనడు.

వాడుకునేవాడికి నేను చెప్పేది .22. మార్లిన్ 39ఏ, విన్‌చెస్టర్ 9422 కనబడితే ముందు వాటి వైపే చూడండి. .22 తూటా మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలదే దొరుకుతుంది, తన్నుడు లేదు, రేంజిలో కాల్చొచ్చు. 9422ను 1972 నుంచి 2005 దాకా చేశారు, 1964 చవక పనితనం దానికి అంటలేదు. మంచి స్థితిలో ఉన్న ఇలాంటి .22 లివర్‌కు, అదే దుకాణంలో .30-30 ధర వంద అయితే 120 ఇవ్వడానికి నేను వెనకాడను. అమెరికాలో ఎవరైనా ఈ లెక్క వింటే నవ్వుతారు.

అడ్వాన్సు ఇచ్చేటప్పుడు రసీదు మీద తయారీ పేరు, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబరు నాలుగూ రాయించండి. లైసెన్సులో ఎక్కించడం కుదరకపోతే డబ్బు వెనక్కివ్వాలన్న షరతు కూడా అదే కాగితం మీద ఉండాలి. తుపాకీని 45 రోజులూ అమ్మేవాడి దగ్గర గానీ డీలరు దగ్గర డిపాజిట్‌లో గానీ ఉంచండి. ఆ మధ్యలో ఎన్నికల నోటిఫికేషన్ వస్తే ఆయుధాలన్నీ డిపాజిట్ చేయమంటారు, మీ 45 రోజులు 90 అవుతాయి. డిపాజిట్ అద్దె ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి.